బోర్యె సాల్మింగ్ క్రీడాజీవితం పది ప్యానెళ్లలో: హనుమకొండ ప్రింటింగ్ షాపు పనితనంపై సమీక్ష

హనుమకొండ చౌరస్తాకు నడిచివెళ్లేంత దూరంలో, ఒక ఇరుకు వీధిలో, పెళ్లిపత్రికలు, విజిటింగ్ కార్డులు, ఫ్లెక్సీలు, స్టిక్కర్లు చేసే డిజిటల్ ప్రింటింగ్ షాపు ఒకటి ఉంది. ఆగస్టు 29న జాతీయ క్రీడా దినోత్సవానికి మా పాఠశాలలో పెట్టిన ప్రదర్శన కోసం, స్వీడన్ ఐస్ హాకీ ఆటగాడు బోర్యె సాల్మింగ్ జీవితం మీద పది ప్యానెళ్లను ఆ షాపులోనే చేయించాను. మెచ్చుకోదగినవాటితో పాటు లోపాలను కూడా రాస్తున్నాను కాబట్టి షాపు పేరు ఇవ్వడం లేదు. అయితే వరంగల్, హనుమకొండ, కాజీపేటలలో ఎక్కడ ఇలాంటి పని చేయించుకున్నా, ఏమేమి అడిగి తీసుకోవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో తెలియడానికి ఈ వివరాలు పనికివస్తాయి.

ధ్యాన్‌చంద్ పుట్టినరోజున మంచుమీది ఆటగాడి కథ ఎందుకని తోటి ఉపాధ్యాయులు అడిగారు. ధ్యాన్‌చంద్ గురించి మా పిల్లలకు ఏటా చెబుతూనే ఉన్నాం, ఆయన చిత్రపటం మా హాల్లో శాశ్వతంగా ఉంది. అదే పేరుగల ఆట మరొక నేలమీద, మరొక చలిలో ఎలా నడుస్తుందో చూపించాలన్న కోరిక చాలాకాలంగా ఉంది. పైగా మా విద్యార్థులలో రోలర్ స్కేటింగ్ నేర్చుకునేవారు కొందరున్నారు. చక్రాలమీద నిలబడడమే ఎంత కష్టమో వారికి తెలుసు గనుక, సన్నని ఉక్కు పలకమీద నిలబడి, ఎదుటివాడు వచ్చి గుద్దుతున్నా బంతికి బదులు వాడే ‘పక్’ అనే రబ్బరు బిళ్లను వదలకుండా ఆడడమంటే ఏమిటో వారికి త్వరగా అర్థమవుతుందనుకున్నాను. హాస్టల్లో ఉండి చదువుకునే భూపాలపల్లి, మంచిర్యాల వైపు పిల్లలకు ఈ కథలో మరింత దగ్గరితనం కనిపిస్తుందని కూడా ముందే అనిపించింది. ఎందుకంటే సాల్మింగ్ ఒక గని కార్మికుని కొడుకు.

ఒక్కొక్క ప్యానెల్ రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. వినైల్ మీద ముద్రించి, 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డుకు, అంటే తేలికైన నురుగు బోర్డుకు, అంటించి, పైన ల్యామినేషన్ వేయడానికి చదరపు అడుగుకు 75 రూపాయల చొప్పున మాట్లాడుకున్నాం. మొత్తం అరవై చదరపు అడుగులకు 4,500 రూపాయలు, బొమ్మలు గీసినందుకు చిత్రకారుడికి ఇచ్చింది వేరు. మామూలు ఫ్లెక్సీ అయితే ఇంతకన్నా చాలా తక్కువకే వచ్చేది గాని, ఫ్లెక్సీ గోడమీద ముడతలు పడుతుంది, దగ్గరగా నిలబడి చదివే చిన్న అక్షరాలకు అది పనికిరాదు. ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోలు ఇతరుల సొత్తు కాబట్టి వాటిని వాడవద్దని మొదటే చెప్పాను. అందుకే షాపులో పనిచేసే పెద్దవయసు చిత్రకారుడు ప్రతి దృశ్యాన్నీ సిరాతో గీసి, స్కాన్ చేయించి, ఆ తర్వాత కంప్యూటర్లో రంగులు నింపించారు. ఒకప్పుడు సినిమా బ్యానర్లు, గోడమీద సైన్‌బోర్డులు రాసిన చేయి అది. ఆ చేతి బలం ఈ ప్యానెళ్లలో ప్రతిచోటా కనిపిస్తుంది.

మొదటి ప్యానెల్ కిరునా. స్వీడన్ ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ వలయానికి కూడా పైన, చలికాలంలో కొన్ని వారాలపాటు సూర్యుడు కనిపించని ఇనుప గనుల పట్టణం అది. దానికి దగ్గరలో ఉన్న సాల్మి అనే పల్లెలో 1951 ఏప్రిల్ 17న బోర్యె పుట్టాడు. తండ్రివైపువారు ఉత్తర ఐరోపా ఆదివాసులైన సామీ ప్రజలు. తండ్రి గనిలో పనిచేస్తూ, బోర్యెకు ఐదేళ్ల వయసప్పుడు ప్రమాదంలో చనిపోయాడు. అన్న స్టిగ్ ముందుగా హాకీలోకి వెళ్లాడు, తమ్ముడు ఆయన వెంట నడిచాడు. నేను రాసిచ్చిన కాగితంలో ఈ విషయాలన్నీ ఉన్నా, బొమ్మ కోసం మంచులో స్కేటింగ్ చేస్తున్న పిల్లవాణ్ని మాత్రమే అడిగాను. షాపు యజమాని ఆ కాగితాన్ని టైపింగ్‌కు ఇచ్చేముందు నిలబడి చివరిదాకా చదివి, "సార్, తండ్రి బాయిల పోయిండని రాసిన్రు గదా, మరి బొమ్మల బాయి లేకపాయె?" అని అడిగారు. ఆయన గోదావరిఖనిలో పెరిగారు, తండ్రి సింగరేణిలో భూగర్భ గని కార్మికుడు. "గని సైరన్ వేళకాని వేళ మోగితే వాడకట్టంత బయటికొస్తది సార్, ఆ పోరగానికి గది తెలుసు" అని కూడా అన్నారు.

ఈ ఒక్క ప్రశ్నతో ఆ షాపు మీద నా గౌరవం పెరిగింది. తాము ముద్రించేది ఏమిటో చదివేవారు ఈ వృత్తిలో అరుదు. ఫైలు తెస్తే ప్రింటు తీసి చేతిలో పెట్టడమే చాలాచోట్ల జరుగుతుంది. చిత్రకారుడు మొదట సింగరేణి గనులమీద కనిపించే చక్రాల గోపురాన్ని వేశారు. కిరునాలో ఆ కాలంలో కొండనే మెట్లుమెట్లుగా తవ్వుకుంటూ పోయిన ఆనవాలు ప్రధానంగా కనిపించేదని చెప్పిన తర్వాత, పాత గీతను చెరిపి, మంచు కప్పిన మెట్ల కొండను, దాని కింద దీపాలు వెలిగిన ఇళ్ల వరుసను, ముందువైపు కర్ర పట్టుకున్న చిన్న కుర్రవాణ్ని గీశారు. కుర్రవాడి ముఖం కొండవైపు తిరిగి ఉంటుంది. పది ప్యానెళ్లలో ఇదే అన్నిటికన్నా మంచిది.

రెండో ప్యానెల్ గురించి చెప్పవలసింది తక్కువ. సాల్మింగ్ 1970లో యెవ్లే పట్టణానికి చెందిన బ్రీనెస్ జట్టులో చేరడం, ఆ జట్టు 1971, 1972 సంవత్సరాలలో స్వీడన్ ఛాంపియన్ కావడం, కెనడా జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్ తరఫున ఆటగాళ్లను వెదుకుతూ వచ్చిన జెర్రీ మెక్‌నమారా కంట్లో ఆయనా, తోటి ఆటగాడు ఇంగే హామర్‌స్ట్రోమ్ పడడం, 1973లో ఇద్దరూ కెనడా ప్రయాణం కట్టడం ఇందులో ఉన్నాయి. మెక్‌నమారా ఆ పర్యటనకు వచ్చింది అసలు వేరొక ఆటగాణ్ని, ఒక గోల్‌కీపర్‌ను చూడడానికి. పిల్లలు ఇలాంటి వివరాన్ని గుర్తుపెట్టుకుంటారని దాన్ని పెద్ద అక్షరాలలో వేయమన్నాను, వేశారు. డిజైన్ శుభ్రంగా ఉంది గాని ప్రత్యేకత లేదు.

మూడో ప్యానెల్ దగ్గర పని చిక్కుపడింది. సాల్మింగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే అమెరికా, కెనడాల జట్లు ఆడే నేషనల్ హాకీ లీగ్‌లో, కాలుపెట్టిన మొదటి ఐరోపా ఆటగాడు కాదు. ఆ ఖ్యాతి ఐరోపాలోనే ఆట నేర్చుకుని వచ్చినవారిలో ఉల్ఫ్ స్టెర్నర్‌ది. ఆయన కూడా స్వీడన్‌వాడే. 1965 జనవరిలో న్యూయార్క్ రేంజర్స్ తరఫున నాలుగు మ్యాచులు ఆడి తిరిగి వెళ్లిపోయాడు. 1970లో చెకోస్లోవేకియా ఆటగాడు యారొస్లావ్ యిర్జీక్ సెయింట్ లూయిస్ తరఫున మూడు మ్యాచులు ఆడాడు. 1972-73లో టామీ బెర్గ్‌మన్ డెట్రాయిట్ తరఫున పూర్తి సీజన్ ఆడి, ఐరోపావారు ఇక్కడ ఒక ఏడాది నిలవగలరని చూపించాడు. ఎవరు మొదట వచ్చారన్నది ఒక విషయం, ఎవరు నిలిచి దారి వేశారన్నది మరొక విషయం. సాల్మింగ్‌ను మార్గదర్శకుడని ఎందుకంటామో అర్థం కావాలంటే ఆయనకు ముందువారు ఎందుకు నిలవలేకపోయారో పిల్లలకు తెలియాలి.

దానికి ఆట నియమాలలోనే ఒక పెద్ద కారణం ఉంది. ప్రత్యర్థిని భుజంతో, ఒంటితో గుద్ది ఆపే బాడీ చెక్‌ను అంతర్జాతీయ నియమాలు 1969 వరకు మైదానం అంతటా అనుమతించలేదు, ఎదుటి జట్టు సగంలో అది నిషిద్ధం. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ నిషేధం లేదు. దానికితోడు అక్కడి మైదానం ఇరుకు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పు మాత్రమే ఉంటుంది. ఐరోపాలో అప్పట్లో వెడల్పు 30 మీటర్లు, అంటే దాదాపు 98 అడుగులు. విశాలమైన మంచుమీద వేగంతో, పాస్‌లతో ఆడడానికి అలవాటుపడ్డవాడు పదమూడు అడుగులు తగ్గిన చోట, ఎటు తిరిగినా ఎవరో ఒకరు వచ్చి గుద్దేచోట ఆడవలసి వచ్చేది. ఈ రెండు మైదానాలను పక్కపక్కన ఒకే కొలమానంలో వేయమని అడిగాను. షాపులోని డీటీపీ కుర్రవాడు ఖాళీ స్థలం నిండుగా కనిపించాలని ఇరుకు మైదానాన్ని కూడా సాగదీసి రెండింటినీ సమానం చేశాడు. ప్యానెల్ చెప్పవలసిన విషయమే దాంతో మాయమైంది. అభ్యంతరం చెప్పిన తర్వాత స్కేలు పెట్టి మళ్లీ గీశారు. పటాలు, కొలతలు ఉన్న పనిని ఈ షాపుకు ఇచ్చేటప్పుడు ప్రూఫ్ (ముందుగా సరిచూడడానికి ఇచ్చే నమూనా ముద్రణ) మీద స్కేలు పెట్టి చూసుకోవడం మంచిది. అందం కోసం కొలతను మార్చే అలవాటు పెళ్లి ఫ్లెక్సీల పనిలోంచి వచ్చినట్టుంది.

నాలుగో ప్యానెల్ ఫిలడెల్ఫియా. 1973 అక్టోబరులో టొరంటోలో ఆడిన తొలి మ్యాచ్‌లోనే సాల్మింగ్ ఆ రాత్రి ఉత్తమ ఆటగాళ్లలో ఒకడిగా నిలిచాడు. రెండో మ్యాచ్ ఫిలడెల్ఫియా ఫ్లయర్స్‌తో, వారి ఊళ్లో. కొట్లాటకు పేరుపడ్డ జట్టు అది, ఆ సీజన్ చివర లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ గెలిచింది కూడా వారే. ఐరోపావారు, ముఖ్యంగా స్వీడన్‌వారు మెత్తనివారని, నాలుగు దెబ్బలు తగిలితే ఇంటిదారి పడతారని అప్పట్లో ఉత్తర అమెరికాలో బలంగా నమ్మేవారు. ‘చికెన్ స్వీడ్’, అంటే పిరికి స్వీడన్‌వాడు, అన్న ఎగతాళి మాట ఆ నమ్మకంలోంచే పుట్టింది. కర్రలతో పొడిచారు, గోడకేసి గుద్దారు, కొట్లాటకు పిలిచారు. సాల్మింగ్ తగ్గలేదు, ఆట ఆపలేదు. ఆ సీజన్‌లో ఆయన 76 మ్యాచులు ఆడి, 5 గోల్స్, 34 అసిస్టులు (తోటివారి గోల్స్‌కు దారితీసిన పాస్‌లు) సాధించాడు.

ఈ దృశ్యానికి చిత్రకారుడు రెండు నమూనాలు గీశారు. మొదటిది సినిమా పోరాటంలా పిడికిళ్లతో నిండి ఉంది. రెండోదానిలో సాల్మింగ్ గోడకు ఆనుకుని, ఒక మోకాలు వంచి, ఇద్దరు ప్రత్యర్థుల మధ్య నుంచి పక్‌ను ముందుకు తోస్తూ ఉంటాడు. చూపు ప్రత్యర్థుల మీద లేదు, పక్ వెళ్లే దిక్కున ఉంది. రెండోదాన్ని ఎంచుకున్నాం. ఆయన కొట్లాడి గెలిచాడని కాదు, కొట్లాటల మధ్య ఆట ఆడి గెలిచాడని చెప్పడానికి అదే సరైన బొమ్మ. ఈ తేడాను చిత్రకారుడు వివరించకముందే పట్టుకుని, తనంతట తానే రెండో నమూనా గీసి పెట్టడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఐదో ప్యానెల్ ఆయన ఆటతీరుది. సాల్మింగ్ డిఫెన్స్ ఆటగాడు. ప్రత్యర్థి కొట్టిన షాట్‌కు ఒంటిని అడ్డువేసి ఆపడంలో ఆయనకు పెట్టింది పేరు, అక్కడితో ఆగకుండా పక్ తీసుకుని ముందుకు దూసుకుపోయి గోల్‌కు దారివేయడం కూడా ఆయన ఆటే. ఒంటిని అడ్డువేయడమంటే ఏమిటో పిల్లలకు తెలియాలంటే పక్ ఎంత గట్టిదో చేతికి తెలియాలి. అసలు పక్ మూడంగుళాల వ్యాసం, ఒక అంగుళం మందం గల గట్టి రబ్బరు బిళ్ల, బరువు దాదాపు 170 గ్రాములు. అది మా దగ్గర ఎక్కడ దొరుకుతుంది? షాపు యజమాని మిగిలిపోయిన సన్‌బోర్డు ముక్కలనుంచి మూడంగుళాల బిళ్లలు ఐదింటిని కోయించి, ఒకదానిమీద ఒకటి అంటించి, చుట్టూ నల్ల వినైల్ చుట్టించారు. ఐదు మిల్లీమీటర్ల ముక్కలు ఐదు కలిస్తే సరిగ్గా అంగుళం మందం వచ్చింది. బరువు మాత్రం రాలేదు, నురుగు బోర్డు కదా. అందుకని మధ్యలో గుంట చేసి, తూకం వేసి, ఇనుప వాషర్లు నింపించారు. దానికి అదనంగా డబ్బులు అడగలేదు. ప్యానెల్ పక్కన దారంతో కట్టిన ఆ బిళ్లను ప్రదర్శన జరిగినంతసేపూ పిల్లలు చేతిలో పట్టుకుని తూచి చూస్తూనే ఉన్నారు.

ఆరో ప్యానెల్ దగ్గర రంగుల సమస్య వచ్చింది. 1976 సెప్టెంబరులో దేశాల జట్ల మధ్య జరిగిన కెనడా కప్ పోటీలకు సాల్మింగ్ స్వీడన్ జట్టు పసుపు జెర్సీలో, మూడు కిరీటాల గుర్తుతో, తన సొంత మైదానమైన టొరంటోలోని మేపుల్ లీఫ్ గార్డెన్స్‌లోకి వచ్చాడు. ఆటగాళ్ల పేర్లు పిలుస్తున్నప్పుడు ఆయన పేరు వినగానే టొరంటో ప్రేక్షకులంతా లేచి నిలబడి, చాలాసేపు చప్పట్లు ఆపలేదు. ఆయన ఆ రోజు ఆడుతున్నది తమ దేశం కోసం కాదు, తమ దేశం గెలవాలనుకుంటున్న కప్పు కోసం మరొక దేశం తరఫున. అయినా లేచి నిలబడ్డారు. మూడేళ్ల కిందట పిరికివారని ఎగతాళి చేయించుకున్న దేశపువాడికి ఆ గౌరవం దక్కింది. సాల్మింగ్ జీవితంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. ఎన్ని పతకాలైనా ఆ చప్పట్లకు సాటిరావని నా అభిప్రాయం.

ప్రూఫ్‌లో పసుపు చక్కగా వచ్చింది. చుట్టూ ప్రేక్షకుల దుస్తులలోనూ, పక్కనున్న ప్యానెళ్లలోని టొరంటో జెర్సీలలోనూ ఉండవలసిన నీలం మాత్రం వంకాయ రంగుకు తిరిగింది. తెరమీద కాంతితో కనిపించే నీలం, నాలుగు సిరాలను కలిపి కాగితం మీదకు తెచ్చేటప్పుడు ఊదావైపు జారిపోవడం ముద్రణలో తెలిసిన సమస్యే. ఎరుపు కలిసిన గులాబీ సిరా పాలు తగ్గిస్తే నీలం నిలుస్తుంది. మొదట "మిషన్‌ల గంతే వస్తది సార్" అన్న ఆపరేటర్, యజమాని చెప్పిన మీదట ఆ సిరా పాలు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ చిన్న చిన్న చదరాలు ఒకే ముక్కమీద ముద్రించి నా ముందు పెట్టాడు. వాటిలో ఒకదాన్ని ఎంచుకుని దాని మీద సంతకం చేశాను. ఆ నమూనా ముక్కను జాగ్రత్తగా ఉంచుకుని, మిగిలిన ప్యానెళ్లన్నిటికీ అదే పాలు వాడారు. ఏదైనా ఒక రంగు కచ్చితంగా రావాలంటే ఇలా నమూనా చదరాలు అడిగి తీసుకోండి. అడగకపోతే వారంతట వారు చేయరు.

అంకెల ప్యానెల్ ఏడోది. పొరపాట్లు ఎక్కువ దొర్లింది కూడా ఇందులోనే. నేను యూనికోడ్‌లో పంపిన పాఠాన్ని షాపువారు తమ పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోని ఫాంటుకు మార్చుకున్నారు. ఆ మార్పిడిలో ఒత్తులు చెదిరాయి, ‘స్ట్రో’ వంటి సంయుక్తాక్షరాలు విడిపోయాయి, హామర్‌స్ట్రోమ్ పేరు గుర్తుపట్టలేకుండా అయింది. దానికన్నా పెద్ద తప్పు అంకెలలో జరిగింది. సాల్మింగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో మొత్తం 1,148 మ్యాచులలో 150 గోల్స్, 637 అసిస్టులు, రెండూ కలిపి 787 పాయింట్లు సాధించాడు. వీటిలో టొరంటో తరఫున ఆడినవి 1,099 మ్యాచులు, 148 గోల్స్, 620 అసిస్టులు, 768 పాయింట్లు. ఈ రెండు వరుసలూ ప్రూఫ్‌లో ఒకదానిలో ఒకటి కలిసిపోయి, టొరంటో మ్యాచుల పక్కన మొత్తం పాయింట్లు వచ్చాయి. 620 అసిస్టులు టొరంటో జట్టు చరిత్రలోనే అత్యధికం. ఆ జట్టుకు ఆడిన మేటి ఫార్వర్డ్‌లను కూడా దాటి ఒక డిఫెన్స్ ఆటగాడు ఆ రికార్డును కలిగి ఉండడం అసాధారణం. అలాంటి అంకె తప్పుగా పడితే ప్యానెల్ పెట్టినా పెట్టకపోయినా ఒకటే. దిద్దిన ప్రూఫ్‌లో అంకెలు సరిపోయాయి. 1976-77 సీజన్‌లో 78 పాయింట్లు సాధించి, ఆ సీజన్ మేటి ఆటగాళ్లతో ఎంచే మొదటి ఆల్‌స్టార్ జట్టులో చోటు పొందడం, మరో ఐదుసార్లు రెండో ఆల్‌స్టార్ జట్టుకు ఎంపిక కావడం, అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నారిస్ ట్రోఫీ ఓటింగులో 1977లోనూ 1980లోనూ లారీ రాబిన్సన్ వెనుక రెండో స్థానంలో నిలవడం, 1988 జనవరి 4న వెయ్యి మ్యాచులు పూర్తిచేసిన తొలి ఐరోపా ఆటగాడు కావడం ఇదే ప్యానెల్‌లో ఉన్నాయి. స్టాన్లీ కప్ మాత్రం ఆయనకు దక్కలేదు. ఆ వాక్యాన్ని కింద చిన్న అక్షరాలలో కాకుండా, మిగిలిన వాటితో సమానమైన పరిమాణంలోనే వేయించాను.

ఎనిమిదో ప్యానెల్‌కు 1986 సంవత్సరాన్ని విడిగా తీసుకున్నాం. ఆ ఏడాది నవంబరు 26న డెట్రాయిట్‌తో జరిగిన మ్యాచ్‌లో గోల్ ముందు కిందపడ్డ సాల్మింగ్ ముఖంమీద ప్రత్యర్థి ఆటగాడి స్కేటు పొరపాటున పడి, కుడి కంటి పైనుంచి ముక్కు పక్కగా నోటి వరకు చీరుకుపోయింది. 200కు పైగా కుట్లు పడ్డాయి. అదే ఏడాది మరొకటి జరిగింది. కొన్నేళ్ల కిందట కొకైన్ వాడినట్లు ఆయన ఒక పత్రికతో ఒప్పుకోవడంతో లీగ్ ఎనిమిది మ్యాచుల నిషేధం విధించింది. పిల్లల ప్రదర్శనలో ఇది అవసరమా అని మా సిబ్బందిలో చర్చ వచ్చింది. నేను ఉండాలనే వాదించాను. తానే బయటపెట్టిన విషయం, శిక్ష అనుభవించి తిరిగి వచ్చి ఆడిన విషయం దాచిపెడితే, మిగిలిన తొమ్మిది ప్యానెళ్లను కూడా పిల్లలు పొగడ్తగానే చూస్తారు. ప్రధానోపాధ్యాయులు అంగీకరించారు.

ఇక ఆ ముఖాన్ని గీయడం. రక్తం, తెగిన చర్మం చూపించవద్దని చెప్పాను. చిత్రకారుడు కుట్లు విప్పిన తరువాతి ముఖాన్ని ఎంచుకున్నారు. మచ్చ గీత ఒకే వరుసలో పోకుండా, కనుబొమ దగ్గర లావుగా మొదలై, ముక్కు వంపు దగ్గర సన్నబడి, పెదవి కొసన చిన్న కొక్కెంలా తిరిగి ఆగుతుంది. కళ్లు సూటిగా చూస్తుంటాయి. సిరా గీతల మధ్య తెల్లగా వదిలిన చోటే మచ్చ అవుతుంది, దానిమీద విడిగా గీత వేయలేదు. దగ్గరగా వెళ్తేనే ఆ నేర్పు తెలుస్తుంది. రెండడుగుల దూరం నుంచి చూస్తే అలసిన మనిషి ముఖం మాత్రమే కనిపిస్తుంది. ఈ బొమ్మ అసలు కాగితాన్ని అడిగి తీసుకుని ఫ్రేము కట్టించాను.

తొమ్మిదో ప్యానెల్ ముగింపు దశ. 1989-90లో డెట్రాయిట్‌కు 49 మ్యాచులు ఆడి, ఆ తర్వాత స్వీడన్ తిరిగి వెళ్లి స్టాక్‌హోమ్ జట్టు ఏఐకేకు ఆడడం, నలభై ఏళ్ల వయసులో 1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్‌లో దేశం తరఫున దిగడం, 1996లో టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు పొందిన తొలి స్వీడన్ ఆటగాడు కావడం, 2016లో ఆయన 21వ నంబరు జెర్సీని టొరంటో ఇంకెవరికీ ఇవ్వకుండా శాశ్వతంగా పక్కన పెట్టడం ఇందులో ఉన్నాయి. ఆయన వేసిన దారిలో వచ్చినవారిలో ఇద్దరిని మాత్రం పేర్కొన్నాం. లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో, 1989లో, మొదటి ఎంపికగా నిలిచిన తొలి ఐరోపా ఆటగాడు మాట్స్ సుందీన్ ఒకరు, సాల్మింగ్‌కు అందని నారిస్ ట్రోఫీని 2001లో అందుకున్న తొలి ఐరోపా ఆటగాడు నిక్లాస్ లీడ్‌స్ట్రోమ్ మరొకరు. ఇద్దరూ స్వీడన్‌వారే. ప్యానెల్ పై భాగంలో 21 అంకెను విడిగా నీలి వినైల్‌లో కోసి అంటించారు, అది బాగుంది. కింద సమాచారం మాత్రం కిక్కిరిసిపోయింది. దీన్ని రెండు ప్యానెళ్లుగా చేయమని షాపువారు సలహా ఇచ్చి ఉండవలసింది.

చివరి ప్యానెల్ 2022 నవంబరు. ఆ ఆగస్టులో సాల్మింగ్‌కు ఏఎల్‌ఎస్ వ్యాధి ఉన్నట్లు ప్రకటించారు. కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా చచ్చిపోయే, నయం కాని జబ్బు అది. నవంబరులో టొరంటో జట్టు ఆయనను పిలిపించి సన్మానించింది. అప్పటికే మాట పడిపోయింది. మంచుమీద ఒక పక్కన పాత కెప్టెన్ డారిల్ సిట్లర్, మరొక పక్కన మాట్స్ సుందీన్ నిలబడ్డారు. ప్రేక్షకులకు అభివాదం చేయడానికి ఆయన చేతిని సిట్లర్ పైకెత్తి పట్టుకున్నాడు. నవంబరు 12న వాంకూవర్‌తో ఆటను టొరంటో తన స్వీడన్ ఆటగాళ్లతోనే ప్రారంభించింది. నవంబరు 24న, డెబ్బై ఒకటో ఏట, సాల్మింగ్ చనిపోయాడు. ఈ ప్యానెల్‌లో బొమ్మ ముగ్గురు మనుషులది, వెనుక ఏమీ లేదు. చిత్రకారుడు జనాన్ని కూడా వేస్తానన్నారు గాని వద్దన్నాను. పాఠం ఎనిమిది వరుసలు మాత్రమే. అక్షరాలు కొంచెం పెద్దవిగా, వరుసల మధ్య చోటు వదిలి పేర్చారు. చదవడానికి హాయిగా ఉంది.

ఇక నాకు నచ్చనివి. ల్యామినేషన్ మెరిసే రకం వేశారు. మా హాల్లో ట్యూబులైట్ల కింద మూడు ప్యానెళ్లు ఒక కోణం నుంచి అసలు చదవడానికి వీలుకాలేదు. మెరుపులేని మ్యాట్ రకం అదే ధరకు ఉందని తర్వాత తెలిసింది. చదివే ప్యానెళ్లకు ఏది వేయాలో షాపువారే చెప్పాలి. ఐదో ప్యానెల్ మూలన గాలి బుడగ ఒకటి మిగిలింది, సూదితో గుచ్చి అణిచినా మచ్చ పోలేదు. శ్రావణమాసపు పెళ్లి పనుల మధ్య మా ఆర్డరు వెనక్కి జరిగి, చెప్పిన తేదీ దాటి, ప్రదర్శనకు ముందురోజు సాయంత్రం ఆటోలో వచ్చింది. మధ్యలో కాగితాలు పెట్టకుండా ఒకదానిమీద ఒకటి పేర్చడంతో రెండు అంచులు నలిగాయి. వాటిని మార్చి ఇస్తామన్నారు, వారంలో మార్చి ఇచ్చారు కూడా, డబ్బు అడగలేదు. బిల్లు జీఎస్టీతో సహా అడగగానే ఇచ్చారు.

ప్రదర్శన రోజున పిల్లలు ఎక్కువసేపు నిలబడింది మొదటి ప్యానెల్ ముందు, ఆ తర్వాత ఎనిమిదో దాని ముందు. భూపాలపల్లి నుంచి వచ్చిన ఎనిమిదో తరగతి బాలుడొకడు తండ్రి మరణం గురించిన వరుసను పక్కవాడికి పైకి చదివి వినిపించాడు. పై తరగతుల విద్యార్థులు మైదానాల పటం దగ్గర, మన స్కేటింగ్ చోటు ఇందులో ఎంత అవుతుందని లెక్కలు వేసుకున్నారు.

ధర, బొమ్మలు, యజమాని శ్రద్ధ చూస్తే ఈ షాపుకు మళ్లీ వెళ్తాను, చిత్రకారుడు అక్కడ పనిచేస్తున్నంతకాలం ఇతరులకూ చెబుతాను. తెలుగు పాఠం ఎక్కువగా ఉన్న పనికి మాత్రం పాఠాన్ని యూనికోడ్‌లోనే పేర్చి, పీడీఎఫ్‌గా మీరే చేసి ఇవ్వండి. ఆర్డరు కాగితం మీద ‘మ్యాట్ ల్యామినేషన్’ అని, ‘రంగు నమూనా చూపిన తర్వాతే ముద్రణ’ అని రాయించుకోండి. అంకెల ప్రూఫ్‌ను ఇద్దరు విడివిడిగా చదవండి. పెళ్లి ముహూర్తాలున్న నెలల్లో పనిని కనీసం రెండు వారాలు ముందుగా ఇవ్వాలి, చిత్రకారుడు ఉదయం పూట మాత్రమే షాపులో ఉంటారు కాబట్టి బొమ్మల గురించి మాట్లాడాలంటే పదకొండు గంటలలోపు వెళ్లాలి.